మా తాత ఎన్నడూ కూర్చోని పీట

మా తాత వెండెల్ ట్రిగ్స్ ఒకసారి తన రేసు బండి ఇంజిను మోతకంటే ముందే వెళ్ళిపోయాడు. పావు మైలు చివర గీత దాటి, బండి ఆపి, హెల్మెట్ తీసి, జేబులో ఉన్న శాండ్‌విచ్ సగం తిన్నాక గానీ ఆ మోత అక్కడికి వచ్చి చేరలేదు. చేరిన మోత కూడా రొప్పుతూ, "ఈసారి నన్నూ తీసుకెళ్ళు వెండెల్" అని బతిమాలుకుందట.

నేను పనిచేసే టైర్ల కొట్లో ఈ మాట నమ్మనివాళ్ళ బండికి నేను గాలి సరిగ్గా కొట్టను. తాత మాత్రం ఇది విన్నప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకునేవాడు. గొప్పలు గిట్టని మనిషి అనుకునేదాన్ని. అసలు కారణం తెలియాలంటే ఒక ఫోను మోగాల్సి వచ్చింది.

దానికంటే ముందు పీట సంగతి చెప్పాలి. మా లోయలోని ఆయిల్‌డేల్ ఊళ్ళో మా తాతగారింటి పెరట్లో, నీళ్ళ కుళాయి పక్కన, ఒక అల్యూమినియం దిమ్మ ఉండేది. బక్కచిక్కిన కుక్క డొక్కలాగా దాని పక్కలంతా గాట్లు. చిన్నప్పుడు మేమంతా దాని మీద కూర్చుని పుచ్చకాయ తిని, గింజలు అమ్మమ్మ టమాటా మొక్కల మీదికి ఉమ్మేవాళ్ళం. మా పిన్ని పెళ్ళి కేకు పెట్టింది దాని మీదే. ఇంటికొచ్చిన ప్రతివాడూ దాని మీద కూర్చున్నాడు, తాత తప్ప. ఆయన నిలబడే తినేవాడు. ఎందుకు తాతా అంటే "నడుము" అనేవాడు. రేసులు ఎందుకు మానేశావంటే నడుము. పాతకాలపు రేసులవాళ్ళు ఏటా అక్టోబరులో కలుస్తారు కదా, ఎందుకు వెళ్ళవంటే అదీ నడుమే. అదే నడుముతో ఎనభై దగ్గరపడిన మనిషి ఇంటి కప్పు ఎక్కి రేకులు మారుస్తాడు. మేమెవరమూ ఆ రెండింటినీ కలిపి చూడలేదు.

తాత తండ్రి ఓక్లహోమా నుంచి పత్తి ఏరడానికి వచ్చినవాడు. తాత నూనెబావుల దగ్గర పైపులు బిగించేవాడు. ఆదివారం వస్తే, యుద్ధకాలంలో విమానాలకోసం వేసి వదిలేసిన పాత రన్‌వే మీద బండ్లు పరుగెత్తించేవాళ్ళు. ఒకప్పుడు అదంతా సరదా. తర్వాత ఎవరో టికెట్లు పెట్టారు, గోడల మీద పోస్టర్లు వేశారు, పిలిపించుకున్న మనిషికి గెలిచినా ఓడినా ఇంత అని ఇవ్వడం మొదలుపెట్టారు. తాత పైపుల రెంచి కింద పడేసి మామగారి దగ్గరికి వెళ్ళి, "ఇకమీదట ఇదే నా ఉద్యోగం" అన్నాడు.

"ఏది? ఆరు సెకన్లు పనిచేసి ఇంటికి రావడమా?" అన్నాడట ఆయన. "మరి అమ్మాయి ఏం చేస్తుంది?"

"వెనకనుంచి తోస్తుంది."

అది నిజం. ఆ బండికి స్టార్టరు ఉండదు. అమ్మమ్మ పికప్ ట్రక్కు బంపరు దాని వెనక ఆనించి, ఇంజిను అందుకునేదాకా తోయాలి. పరుగయ్యాక మళ్ళీ అవతలి చివరకి వెళ్ళి తీసుకురావాలి. "పెళ్ళయిననాటి నుంచీ తోస్తూనే ఉన్నాను, ఇంకా అందుకోలేదు" అని అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది. అమ్మమ్మ పేరు నెట్టీ.

ఆ రోజుల్లో ఇంజిను ముందు ఉండేది, మనిషి వెనక. ఇంజినుకి ఏం జరిగినా మొహానికే జరిగేది. ఇంధనంలో కలిపే నైట్రో పొగకి కళ్ళు మండేవి, గుండెలో ఎవరో సుత్తితో కొట్టినట్టు ఉండేది, నూనె చిమ్మి కళ్ళద్దాలు నల్లబడిపోయేవి. గీత దాటాక బండిని ఆపే పారాచూట్ గొడుగు వెనక విచ్చుకుని లాగితే, కళ్ళు గూళ్ళలోంచి ఊడొస్తాయేమో అనిపించేదట. ఇదంతా తాత ఎంతైనా చెబుతాడు. ఓక్లహోమాలో గెలిచింది, ఆరిజోనాలో చక్రం ఊడి తనకంటే ముందు గీత దాటింది, అన్నీ చెబుతాడు. 1971 దగ్గరికి రాగానే నడుము నొప్పి వస్తుంది.

ఇక ఫోను. పోయిన సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున, తాత రొట్టె మీద గ్రేవీ పోసుకుంటుండగా మోగింది. నేను తీశాను.

"వెండెల్ ఉన్నాడా?" ముసలి గొంతు. "వార్తాన్ మెలికియన్ అని చెప్పు. ఫ్రెస్నో నుంచి. నా బ్లోయర్ ఇంకా ఉందా అని అడుగు."

నేను అదే మాట తాతని అడిగాను. తాత గరిటె గాల్లోనే ఆగిపోయింది. గ్రేవీ బల్ల మీద కారుతోంది. గ్రేవీ వృథా చేస్తే మా ఇంట్లో ఎవరినీ క్షమించరు, అయినా అమ్మమ్మ గుడ్డ తెచ్చి తుడిచేసింది.

"లేనని చెప్పు" అన్నాడు తాత.

"లేనని చెప్పమంటున్నాడండీ" అన్నాను ఫోనులో.

అవతల ఆయన కాసేపు నవ్వాడు. "సరేనమ్మాయీ. నా పాత బండిని మళ్ళీ నిలబెట్టానని చెప్పు. అన్నీ దొరికాయి, ఆ బ్లోయర్ ఒక్కటే తక్కువ. అక్టోబరులో కలిసేచోటికి తీసుకొస్తాను. ఆయన వస్తాడా రాడా అనేది ఆయన ఇష్టం."

తాత లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. నేను అమ్మమ్మ వైపు చూశాను. "బ్లోయర్ ఏంటి?"

అమ్మమ్మ చిక్కుడుకాయల గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఈనెలు తీస్తూ, గడ్డంతో కిటికీలోంచి పెరట్లోకి చూపించింది. "చిన్నప్పటినుంచీ నువ్వు కూర్చుంటున్నది ఇంకేంటనుకున్నావే?"

అప్పుడు చెప్పింది. 1971 వసంతంలో, ఆ పాత రన్‌వే మీదే, ఆ ఏడాది మా లోయ మొత్తానికీ పెద్ద పోటీ. ఇద్దరిద్దరుగా పరుగెత్తి ఓడినవాడు తప్పుకునే ఆ పోటీలో తాత చివరి జోడీలో ఒకడుగా మిగిలాడు. రెండోవాడు ఫ్రెస్నో ద్రాక్షతోటల ఆర్మేనియన్ కుర్రాడు, ఈ వార్తాన్. అయితే అంతకుముందు పరుగులోనే తాత బ్లోయర్ పగిలి ముక్కలైంది. ఇంజిను నెత్తిన కూర్చుని లోపలికి గాలి కుక్కేది అదే. అది లేకపోతే బండి కదలదు.

"మీ తాత ట్రక్కు తలుపు మీద గుద్దుతున్నాడు. వార్తాన్ అలా నడిచొచ్చాడు, దూడను ఎత్తుకున్నట్టు తన దగ్గర అదనంగా ఉన్న బ్లోయర్ ఎత్తుకుని. ఇంద, బిగించుకో అన్నాడు."

"ఓడించబోయేవాడికి ఇచ్చాడా?"

"అప్పట్లో అలాగే ఇచ్చేవాళ్ళు. ఎదుటివాడు రాకపోతే ఒక్కడే ఊరికే వెళ్ళి గెలిచినట్టు. అలాంటి గెలుపు మీద ఉమ్మేసేవాళ్ళు. ఒక్కటే పద్ధతి. ఎవడు అరువు తెచ్చుకున్నాడో వాడే కడిగి, వాడి చేతులతోనే తిరిగివ్వాలి. ఇంకెవరితోనూ పంపకూడదు."

బిగించడానికి రెండువైపుల మనుషులూ చేతులు వేశారు. వార్తాన్ వాళ్ళమ్మ వచ్చి ఉంది, నల్లగుడ్డ తలకి కట్టుకుని. ఆవిడ రేసు చూడడం అదే మొదటిసారి. పెద్ద గిన్నెలో అన్నం తెచ్చి, తాతతో సహా చేతులకి గ్రీజున్నవాళ్ళందరి నోటికి తనే అందించింది.

"తర్వాత?"

"తర్వాత తోశాను. వెళ్ళారు."

పావు మైలు అవతల బండి ఆపినవాళ్ళకి ఎవరు గెలిచారో తెలియదు. చెవుల్లో హోరు, కళ్ళ మీద నూనె. ఇద్దరూ బండ్లు ఆపి దిగి, తమను తీసుకెళ్ళడానికి వచ్చే ట్రక్కులకోసం చూస్తారు. నెమ్మదిగా, తలదించుకున్నట్టు వస్తే ఓడినట్టు. హారన్ కొడుతూ, మనుషులు వేలాడుతూ వస్తే గెలిచినట్టు. అందరూ అలాగే తెలుసుకునేవాళ్ళు.

"నేను హారన్ కొడుతూ వచ్చాను. మా తమ్ముడు డోయిల్ వెనక నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. మీ తాత అది చూశాడు. ఇంకేముంది! వార్తాన్ షేక్‌హ్యాండు ఇద్దామని చెయ్యి చాపితే, ఆ చేతిని దాటుకుని వెళ్ళి, వాడి బండి మీదికి బూట్లతో ఎక్కి గంతులేశాడు. కొత్తగా రంగు వేసిన బండే! ఆకుపచ్చ!"

"గెలిచాడు కదా మరి!"

"గెలిచాడా నీ మొహమా! మీ తాత బండి ఆగిన చోట ఎండుగడ్డి పొదలు. వేడి గొట్టాలు తగిలి అంటుకున్నాయి. నేను హారన్ కొట్టింది గెలిచావని కాదు, కాలిపోతోందని! డోయిల్ చేతులు ఊపింది అందుకు!"

నాకు నవ్వు ఆగలేదు. కుర్చీలోంచి జారి కింద కూర్చున్నాను. మా తాత, పోస్టర్లలో ఆయిల్‌డేల్ మెరుపు, వెనక బండి తగలబడుతుంటే పక్కవాడి బండెక్కి డాన్సు!

అమ్మమ్మ కూడా నవ్వుతూనే చెబుతోంది. "వార్తాన్ ఒక్క మాట అనకుండా తన బండిలో ఉన్న మంటలార్పే సిలిండరు పట్టుకుని పరుగెత్తాడు. సగం కనుబొమ్మ కాలిపోయింది పాపం. మీ తాత అప్పుడు వెనక్కి తిరిగి చూసి, 'నా బండి ఎందుకు ఆర్పుతున్నావు?' అన్నాడు. వాడేమన్నాడో తెలుసా? 'నా బ్లోయర్ అందులో ఉంది' అన్నాడు."

"గెలిచిందెవరు?"

"వాడే. బండి పొడవంత తేడాతో."

నేను నేల మీద పడి నవ్వుతుంటే గుమ్మం దగ్గర జాలీ తలుపు చప్పుడైంది. తాత ఎప్పటినుంచి అక్కడున్నాడో తెలియదు.

"మిగతాది కూడా చెప్పు నెట్టీ."

"అక్కర్లేదులే వెండెల్."

"చెప్పు."

అమ్మమ్మ ఇంకో చిక్కుడుకాయ ఈనె తీసింది. తాతే చెప్పాడు, నాకు కాదు, తలుపు చట్రానికి చెబుతున్నట్టు.

"గంతులేస్తూ ఒక మాట అన్నాను. వాడి జాతిని పట్టుకుని. ఎండుద్రాక్ష తట్టలు మోసుకోవడానికి ఇంటికి పొమ్మని, దాని ముందు ఒక మాట తగిలించి. అప్పటికే వాళ్ళ ట్రక్కు వచ్చి ఆగింది. వాళ్ళమ్మ కిటికీ దించి ఉంది."

ఆ మాట ఏమిటో తాత నాకు చెప్పాడు. నేను ఇక్కడ రాయను. మా లోయలో పుట్టినవాళ్ళకి అది ఏమిటో తెలుసు. మా ముత్తాతని ఇదే జిల్లాలో సినిమాహాల్లో కింద కూర్చోనివ్వలేదు, పత్తి ఏరేవాళ్ళని కూలీలకోసం వేరుగా పెట్టిన పై అంతస్తుకి పొమ్మన్నారు. ఆ కథ తాత చెబుతుంటే నేను పెరిగాను. చెప్పేటప్పుడు ప్రతిసారీ ఆయన గొంతు వణికేది. అది వాళ్ళ నాన్నకోసం అనుకునేదాన్ని.

"ఆవిడ ఏమంది?"

"కిటికీ పైకి ఎత్తుకుంది. ఆ వేడిలో."

తర్వాతి వారం బ్లోయర్‌ని డోయిల్‌కిచ్చి పంపబోతే డోయిల్ ముట్టుకోలేదట. తెచ్చుకున్నది నువ్వు, మోసేదీ నువ్వే అన్నాడట. తాత మోయలేదు. ఆ ఏడాది ఎక్కడ గోడ మీద వార్తాన్ పేరు కనిపిస్తే అక్కడికి వెళ్ళడం మానేశాడు. వార్తాన్ పేరు అన్ని గోడల మీదా కనిపించసాగింది. దాంతో తాత మళ్ళీ పైపుల రెంచి పట్టుకున్నాడు. అదీ నడుము కథ.

ఇక మా ఇంట్లో ఒకటే ప్రశ్న. తాత ఆ దిమ్మను తన చేతులతో తీసుకెళ్ళి వార్తాన్‌కి ఇస్తాడా, ఇవ్వడా? రోజూ పొద్దున్నే కుళాయి దగ్గరికి వెళ్ళి, దాన్ని చూసి, తిరిగి వచ్చేవాడు. నేను ఆగలేక "నేను ఇచ్చొస్తాలే తాతా, ఎటూ దాని మీద ఎక్కువ కూర్చుంది నేనే" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపుకి ఆ పూట టైర్ల కొట్టుకి త్వరగా వెళ్ళిపోయాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి దిమ్మ పెరట్లో లేదు. గ్యారేజీలో తాత దాన్ని తలకిందులుగా పెట్టి కిరోసిన్‌తో కడుగుతున్నాడు. లోపల నల్ల సాలీళ్ళు కాపురం పెట్టి, పిల్లల్నీ కన్నాయి. మా పుచ్చకాయ గింజలు ఉన్నాయి. పిన్ని పెళ్ళి కేకు మీది చక్కెర గులాబీ కూడా ఒకటి రాయిలా దొరికింది. గాట్ల సందుల్లో రుద్దడానికి ఆయన చేతిలో ఉన్నది టూత్‌బ్రష్షు. నాది.

"తాతా, అది నాది!"

"చాలా ఏళ్ళుగా నువ్వు దీని మీద కూర్చున్నావు. అద్దె అనుకో."

అక్టోబరులో వెళ్ళాం. అదే రన్‌వే. పగుళ్ళలో గడ్డి తప్ప ఏమీ మారలేదని తాత అన్నాడు. పాత బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, వాటి పక్కన పాత మనుషులు. ట్రక్కు వెనకనుంచి దిమ్మను తనే దించాడు. నేను ఒక చివర పట్టుకోబోతే, "అరువు తెచ్చుకుంది నువ్వా?" అన్నాడు. ఛాతీకి హత్తుకుని, ఆగుతూ, మళ్ళీ నడుస్తూ వెళ్ళాడు. అమ్మమ్మ వెనకే నడిచింది. "తోయమంటావా?" అంది. తాత నవ్వలేదు.

ఆకుపచ్చ బండి పక్కన మడతకుర్చీలో ఒక పెద్దాయన. ఎడమ కనుబొమ్మ సగమే ఉంది. తాత దిమ్మను ఆయన కాళ్ళ దగ్గర దించి నిలబడ్డాడు. ఊపిరి అందడం లేదు.

వార్తాన్ వంగి లోపల వేలు పెట్టి రాశాడు. వేలు చూసుకున్నాడు.

"కడిగావు."

"కడిగాను."

"పళ్ళు తోముకునే బ్రష్షుతో" అన్నాను నేను. "నా బ్రష్షుతోనండీ."

"ఈమేనా ఆ ఫోను పిల్ల?"

"ఈమే" అన్నాడు తాత. తర్వాత, "నీ బండి మీద బూట్లతో ఎక్కాను వార్తాన్."

"ఎక్కావు. రంగు లేచిపోయింది."

"మీ అమ్మ..." అని ఆగిపోయాడు. వార్తాన్ సాయం చేయలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాడు, రేసు మొదలుపెట్టే దీపం వెలిగేదాకా కదలనన్నట్టు. తాత టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మీ అమ్మ వింటుండగా ఆ మాట అన్నాను. వినకపోయినా అనకూడని మాట. రావాల్సింది ఆ మర్నాడే. రాలేదు. మొహం చెల్లక రాలేదు."

"ఆవిడకి ఇంగ్లీషు రాదనుకున్నావా?"

"వచ్చని అప్పుడే తెలిసింది."

"ఆ రోజు ఇంటికెళ్ళి గిన్నె తోముతూ నన్నడిగింది, 'నీ ఆదివారాలు వీళ్ళతోనా గడిపేది?' అని. మళ్ళీ రేసుకి రాలేదు వెండెల్. నేను దేశమంతా తిరిగి గెలిచిన వాటిలో ఆవిడ ఒక్కటీ చూడలేదు."

తాత తల వంచుకుని టోపీని నలిపేస్తున్నాడు. అమ్మమ్మ ఆయన మోచేయి పట్టుకుంది.  

"బండి తొక్కినదానికి సరే" అన్నాడు వార్తాన్. "అది నాది కాబట్టి నేను సరే అనగలను. రెండోది నాది కాదు. దానికి సరే అనాల్సినావిడ లేదు."

"తెలుసు."

"తెలుసు కదా. అయితే ఆ పక్క పట్టుకో, బిగిద్దాం. నాకు మోకాళ్ళు పనిచేయవు."

"నాకు నడుము" అన్నాడు తాత, వంగి ఎత్తుతూ.

ఇద్దరూ కలిసి ఎక్కించారు. ఒకడు బోల్టు అందిస్తే ఒకడు బిగించాడు. గట్టిగా బిగించానని ఒకడంటే, నీ బిగింపు నాకు తెలుసని ఇంకొకడు మళ్ళీ బిగించాడు. అమ్మమ్మ ట్రక్కుతో తోసింది. ఆ ఇంజిను అందుకున్నప్పుడు నా పళ్ళు కదిలాయి. పసుపు మంటలు గొట్టాల్లోంచి లేచాయి. నైట్రో పొగకి అక్కడున్న అందరి కళ్ళలోనూ నీళ్ళు కారాయి, కాబట్టి ఎవరు దేనికి ఏడ్చారో నేను చెప్పలేను. తాత మాత్రం పొగ తగలని వైపు నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక ఇదంతా రాశాను. ఇప్పుడు పెరట్లో కుళాయి పక్కన దిమ్మ లేదు, దాని ఆకారంలో పాలిపోయిన నేల ఉంది. తాత అక్కడ ఒక మామూలు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. నిన్న ఆయన కూర్చుని ఉండగా మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఆ మాట రాయనందుకు ఏమైనా అంటాడేమో అనుకున్నాను, అనలేదు. నేల మీద పడి నవ్వానని రాసినందుకు అంటాడేమో అనుకున్నాను, అదీ అనలేదు. 

"మొదట్లో ఆ మోత కబుర్లు ఉంచమంటావా, తీసెయ్యమంటావా?" అని అడిగాను.

"మోత ఉంచుకో, ఎవడూ నమ్మడు. ఆ శాండ్‌విచ్ తీసెయ్. వార్తాన్‌తో పరుగెత్తిన ఆ రోజు నా కడుపులో ఉన్నది వాళ్ళమ్మ నోట్లో పెట్టిన అన్నం. అది రాయి."